లంకలో కట్టిన కాగితపు చాందినీ

పందిళ్ల అలంకరణ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి ముందే ఒక మాట చెప్పాలి. మనం కట్టింది ఎవరూ దాచుకోరు. పొద్దున్న కడతాం, మర్నాడు విప్పుతాం, ఆ తర్వాత అక్కడ రాటలు పాతిన గుంతలు తప్ప ఏమీ మిగలవు. అది బాధగా తోచేవాళ్లు వేరే పని చూసుకోవడం మంచిది. నాకు మాత్రం నలభై ఏళ్లపాటు హాయిగానే ఉంది. బాగా కుదరని పని కూడా మర్నాటికి కనబడకుండా పోతుంది కదా!

ఏ పెద్దమనిషి ఇంట కట్టానో, ఎవరు శాలువా కప్పారో ఇక్కడ రాయబోవడం లేదు. అవి చదివితే మీకు ఒరిగేదేమీ ఉండదు. ఒక్క పని గురించి రాస్తాను. అది నేను నా సొంత బుర్రతో చేసిన మొదటి పని, ముప్పావు వంతు చెడగొట్టిన పని కూడా.

సూరయ్యగారు

కర్నూలు మనకి రాజధానిగా ఉన్న రోజులవి. నాకు ఇరవై రెండేళ్లు. మాది ఏలూరు. మా నాన్న పుస్తకాలు బైండింగు చేసేవాడు. నేను తాడేపల్లిగూడెంలో సూరయ్యగారి డెకరేషన్ షాపులో పనికి కుదిరాను. ఆయన దగ్గర రాటలు, తడికలు, రంగు కాగితాల తోరణాలు, వీటన్నిటికీ మించి ఒక చాందినీ ఉండేవి. పందిట్లో నెత్తి మీద కట్టే తెల్లటి గుడ్డ, చుట్టూ ఎర్ర అంచు, కుచ్చులు. ఆ చుట్టుపక్కల అంత పెద్దది ఇంకోటి లేదని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. ఉన్నది అదొక్కటే.

సూరయ్యగారిది చెయ్యి తిరిగిన పని. కత్తెర పట్టుకుంటే కాగితం ఆయన చెప్పినట్టు వినేది. నోరే ఆయన మాట వినేది కాదు. ఎవరొచ్చి ఏది అడిగినా "అలాగేనండీ, తప్పకుండానండీ" అనేసేవాడు. కాదనడం ఆయనకి పుట్టుకతోనే రాలేదు. ఈ వృత్తిలో అది పెద్ద జబ్బు. మొహమాటానికి పోయి మాటిచ్చి ఆఖరిరోజున కొంప ముంచేవాడికన్నా, మొదటిరోజే మొహం మీద కాదనేవాడు వెయ్యిరెట్లు నయం.

ఆ మాఘమాసంలో అదే జరిగింది. అత్తిలిలో ఒక పెద్ద పెళ్లికీ, కొల్లేటి లంకలో ఒక బడి ప్రారంభానికీ ఒకే రోజున అదే చాందినీ ఒప్పుకున్నాడు. సంగతి నాకు చెప్పేసరికి ఇంకా ఎనిమిది రోజులే ఉంది.

"ముందు ఎవరికి ఒప్పుకున్నారండీ?" అని అడిగాను.

"లంకలో రూతమ్మగారికేరా."

"అయితే అత్తిలోళ్లకి లేదని చెప్పెయ్యండి."

"పెళ్లిరా సత్యం. పైగా పెద్దోళ్లు. వాళ్లకి లేదంటే ఈ జిల్లాలో నాకు ఇంకో పందిరి దొరకదు."

ఆయన ఉప్పు తిన్నానని తప్పుని ఒప్పని రాయలేను. రూతమ్మగారు చిన్నబడి టీచరు, లంకవాళ్లు చేపలు పట్టుకునేవాళ్లు, కూలికి పోయేవాళ్లు. వాళ్లయితే సర్దుకుపోతారని లెక్క. ఆ లెక్క తప్పని ఆయనకీ తెలుసు. తెలుసు కనకనే నా మొహం చూడకుండా మాట్లాడాడు.

అంతకుముందు రూతమ్మగారు చాందినీ అడగడానికి షాపుకి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. యాభై ఏళ్ల మనిషి, చేతిలో నల్లగొడుగు. వాళ్లు ప్రారంభించబోయే బడి, గుడిగానూ బడిగానూ పనికొచ్చేలా ఊరివాళ్లంతా కలిసి గోడలు లేపి పెంకు కప్పిన హాలు. ఆవిడ అడిగిన తీరు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "మా పిల్లలు పెళ్లిళ్లలో ఎప్పుడూ పందిరి బయట నిలబడి చూసినవాళ్లేనండీ. ఒక్కరోజు దాని కింద కూచోవాలి. వాళ్లకి చెప్పేశాను."

అందుకే ఇప్పుడు సూరయ్యగారి దగ్గర నోరు జారాను. "కాగితంతో చేస్తానండీ," అన్నాను.

మడత

నా గొప్పేమీ కాదు. మా నాన్న దగ్గర మిగిలిన కాగితం ముక్కలతో చిన్నప్పుడు ఒక ఆట ఆడేవాణ్ణి. కాగితాన్ని ముందుకీ వెనక్కీ మడిస్తే విసనకర్ర అవుతుంది. అది ఒక వైపే ముడుచుకుంటుంది. ఆ మడతలని తిన్నగా పోనివ్వకుండా ఒక వరసలో కుడికీ, తర్వాతి వరసలో ఎడమకీ వాలేట్టు విరిస్తే కాగితం నిడివిలోనూ వెడల్పులోనూ ఒక్కసారే ముడుచుకుంటుంది. రెండు మూలలు పట్టుకుని లాగితే మొత్తం ఒక్కసారే తెరుచుకుంటుంది. తెరుచుకున్నప్పుడు అంతా పక్కకి వాలిన నాలుగు పలకల గళ్లు, గట్లు, లోయలు. ఇంత పెద్ద చాందినీ అలా చేస్తే ట్రంకుపెట్టెలో మడిచి దోనెలో పట్టుకుపోవచ్చు. నా ఆశ అది.

చేతిలో ఆటకీ ముప్పై అడుగుల హాలుకీ చాలా దూరం. పాత వార్తాపత్రికల మీద చేసిన మొదటిది నాలుగో వరసలోనే బిగుసుకుపోయింది. గీతలు చేత్తో అంచనాగా గీశాను, వాలు ఒక్క వెంట్రుకవాసి తేడా వస్తే అది వరస వరసకీ పెరుగుతూ పోతుంది. రెండోరోజున రేకు ముక్కని వాలుగా కత్తిరించి, ప్రతి గీతా దాన్ని ఆనించే గీశాను. మూడోది గట్ల మీద పగిలింది. ఏలూరు వెళ్లి మా నాన్నకి చూపిస్తే, కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని నవ్వాడు.

"కర్రకి ఉన్నట్టే దీనికీ నార పోయే వాటం ఒకటి ఉంటాదిరా. దాని వెంబడి మడత, అడ్డంగా విరుపు. నువ్వు తిరగేసి చేశావు."

పుట్టిన దగ్గర్నుంచీ బైండింగు ఇంట్లో ఉన్నవాడికి ఆ సంగతి ఇరవై రెండేళ్ల వయసులో తెలిసింది. ఇంట్లో ఉన్న విద్యని అడగడానికి మనకి నామోషీ. మీకు లేకపోతే సంతోషం.

దళసరి తెల్లకాగితాలు తెచ్చి, పన్నెండు పట్టీలుగా అంటించి, వెదురు బద్దతో నొక్కి మడిచాం. మా అమ్మా, చెల్లెలూ ఏలూరునుంచి షాపుకి వచ్చి సాయం కూచున్నారు. పంచెకి పెట్టినట్టు కాగితానికి చిక్కటి గంజి పెట్టి ఎండలో ఆరబెట్టాను, బిర్రుగా నిలబడాలని. లోయల్లో నీలిమందు నీళ్లు తేలిగ్గా పూశాను. గట్టు తెల్లగా, లోయ లేతనీలంగా కనబడితే కింద కూచున్నవాళ్లకి నెత్తి మీద చల్లగా ఉంటుందని నా ఊహ.

సూరయ్యగారు గుమ్మంలో నిలబడి చూశాడు. "గంజీ, నీలిమందూ! ఏరా, ఇది డెకరేషన్ షాపా, చాకిరేవా?" అన్నాడు. అంటూనే కూచుని ఆయనా నాలుగు పట్టీలు మడిచాడు. ఆయన మడత నా మడతకన్నా నున్నగా వచ్చిందని ఒప్పుకోక తప్పదు.

గూడెంలో బియ్యం మిల్లు షెడ్డులో కట్టి చూస్తే బ్రహ్మాండంగా నిలబడింది. ఒక్క లోటు. ముప్పై అడుగులు ఉండాలని ఎన్ని పట్టీలు వెయ్యాలో లెక్క కట్టినప్పుడు, కాగితం విప్పి పరిచిన పొడవుని లెక్కపెట్టాను గానీ మడతలో పోయే పొడవుని సరిగ్గా వదల్లేదు. షెడ్డు చిన్నది కనక అక్కడ ఆ తప్పు బయటపడలేదు.

గంజి

ముందురోజు పాసింజరులో భీమడోలు దిగి, బండి మీద కొల్లేటి గట్టుకి వెళ్లి, అక్కడినుంచి దోనె ఎక్కాను. ట్రంకుపెట్టె నా ఒళ్లో పెట్టుకున్నాను. దోనె నడిపినతను ఆ లంకవాడే, పేరు ఏసు. వాళ్లమ్మ అంకమ్మ ఊళ్లో వలలు అల్లుతుంది. ఆ ఇంట్లోనే నా బస.

సూరయ్యగారు బయల్దేరేముందు నాకొక మాట నేర్పి పంపించాడు. "మద్రాసులో కొత్త ఫ్యాషన్ అని చెప్పరా." అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. రూతమ్మగారు పట్టీ ఒకటి తీసి వేలితో తడిమి చూసింది.

"ఫ్యాషనేనా అండీ, లేకపోతే అసలుది ఇంకెక్కడికైనా వెళ్లిందా?"

నాకు అబద్ధం కొనసాగించడం చేతకాలేదు. అత్తిలి సంగతి చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది.

"ముందు మాకు ఒప్పుకున్నారు కదండీ," అంది. పట్టీ తిరిగి నా చేతిలో పెట్టి, "సరే, కట్టండి. బాగా వస్తే సంతోషం. రాకపోతే పిల్లలకి మాత్రం మీరే చెప్పాలండీ. నేను చెప్పలేను."

డెబ్బై మంది పిల్లలు. వాళ్ల ముందు నిలబడి "ఈసారికి కూడా లేదర్రా" అని చెప్పడం ఊహించుకుంటూనే నిచ్చెన ఎక్కాను. మధ్యాహ్నం నుంచి చీకటిపడేదాకా కట్టాం. ఈ గోడ నుంచి ఆ గోడకి అందలేదు. తప్పు అప్పుడు తెలిసింది. లాగాను. మడతలు విచ్చుకున్నాయి. ఇంకా లాగాను. మొత్తానికి అందింది. హాలంతా కప్పేశానని పొంగిపోయి వెళ్లి పడుకున్నాను.

మాఘమాసంలో కొల్లేటి మీద మంచు ఎలా కురుస్తుందో నాకు తెలియదు. తెల్లారి హాలు తలుపు తీసేసరికి చాందినీ మధ్యలో పొట్ట వేసుకుని మనిషెత్తుకి దిగిపోయి ఉంది. ముట్టుకుంటే మెత్తగా, ఉతికిన గుడ్డలా ఉంది. గంజి పెట్టిన పంచె మంచులో ఆరేస్తే ఏమవుతుందో మా ఇంట్లో ఆడవాళ్లకి తెలుసు. నేను వాళ్లనీ అడగలేదు. పదింటికి కార్యక్రమం.

నేను చేసిన మొదటి పని ఏమిటో సిగ్గు విడిచి చెబుతున్నాను. బెంచీ ఎక్కి దాన్ని ఇంకా గట్టిగా లాగి కట్టాను. అది ఇంకా దిగింది.

మూడు బారలు, రెండు బారలు

ఏసు వెళ్లి వాళ్లమ్మని పిలుచుకొచ్చాడు. అంకమ్మకి డెబ్బై దాటి ఉంటాయి. గుమ్మంలో నిలబడి పైకి చూసింది. చూసి, నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏంటి బాబూ, ఇలా సాగదీసి కట్టేశారేంటండీ?"

"అందలేదు మామ్మా. లాగితేగాని అందలేదు."

"వలని ఇలా సాగదీసి కడితే కన్ను మూసుకుపోద్ది. చేప పడదండి, నీటి జోరుకి నిలబడదండి." నా చేతిలోంచి పురికొస తీసుకుంది. "మేం మూడు బారల వలని రెండు బారల తాడుకి కడతాం. ఎంత వల ఉంటే అంత తాడు ఎవరైనా కడతారేంటి? వదులుండాలి. ఆ వదుల్లోనే ఉంటాది దాని బలం."

నాకు గంజి గొడవ తప్ప ఇంకేమీ తట్టలేదు అంతవరకు. మడత లోతుగా ఉన్నంతసేపే కాగితానికి బలం. లాగి లాగి నేను దాన్ని మామూలు కాగితంగా మార్చేశాను. మామూలు కాగితం మంచుకి తడిస్తే పొట్ట వెయ్యక ఏం చేస్తుంది?

"అయితే ముడుస్తాను మామ్మా. కానీ ముడిస్తే హాలంతా రాదు."

"రాదు. రెండు బారలే వత్తది. అదైనా నిలబడద్ది కదండీ."

ఆ క్షణంలో నాకు దాన్ని వదులుకోవడం ఎంత కష్టమైందో చెప్పలేను. హాలంతా కప్పేశానన్న గొప్ప అది. విప్పేశాం. ఏసు, ఇంకో నలుగురు చేతులు వేశారు. అంకమ్మ ప్రతి గట్టుకీ ఒక ముడి చొప్పున, వల అంచుకి తాడు కట్టినట్టే, వాసాలకి వేలాడగట్టించింది. "దగ్గరగా, ఇంకా దగ్గరగా" అంటూ కింద నిలబడి చెయ్యి ఊపుతూనే ఉంది. మడతలు మళ్లీ లోతయ్యాయి. కాగితం మెత్తగానే ఉంది. అయినా దిగలేదు. కిటికీలోంచి ఎండ వచ్చేసరికి లోయలన్నీ నీలంగా వెలిగాయి.

హాలులో మూడో వంతు బోడిగా మిగిలింది. అలవాటు ప్రకారం నేను దాన్ని ముందువైపు కట్టబోయాను. కుర్చీలు, పాస్టరుగారు, బడుల ఇన్‌స్పెక్టరుగారు ఉండేది అటే. మా వృత్తిలో ఎవరూ నోటితో చెప్పరు గానీ, గుడ్డ చాలకపోతే పెద్దవాళ్ల నెత్తి మీదే కట్టాలని అందరికీ తెలుసు.

రూతమ్మగారు గొడుగు కొనతో వెనకవైపు చూపించింది. "అటు కట్టండి. చాపలు వేసేది అటు."

"మరి పెద్దలండీ?"

"వాళ్లు చాలా చాందినీల కింద కూచున్నారండీ."

పిల్లలు

తొమ్మిదిన్నరకి పిల్లలు వచ్చారు. నూనె రాసి దువ్విన తలలు, ఉతికిన చొక్కాలు. గుంపులు గుంపులుగా గుమ్మంలో ఆగిపోయారు. లోపలికి రావచ్చా అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రూతమ్మగారు "రండర్రా, మీ కోసమే" అన్నాక గాని కదల్లేదు.

వచ్చి చాపల మీద కూచోలేదు, పడుకున్నారు. డెబ్బై మందీ వెల్లకిలా పడుకుని పైకి చూశారు. ఒక పిల్ల వేలితో గట్లు లెక్కపెడుతూ, మధ్యలో తప్పి మళ్లీ మొదలుపెట్టింది. "టీచరుగారండీ, ఇది మనదేనాండీ?" అని ఎవరో అడిగారు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టేదాకా వాళ్లని ఎవరూ లేపలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇందులో దాచుకోవడానికేమీ లేదు.

ఇన్నేళ్లలో చాలామంది నా పని చూసి బాగుందన్నారు. పడుకుని చూసినవాళ్లు వాళ్లొక్కరే. ఇప్పుడు మీరు కంప్యూటరు మీద ఇంతకన్నా చిత్రమైన మడతలు వేస్తున్నారు, సంతోషం. ఎవరు కింద కూచుంటారో అడిగి వెయ్యండి. మడత లోతు ఎంత ఉంచాలో తెలియకపోతే వల కట్టేవాళ్లని అడగండి, వాళ్లు చెబుతారు.

సూరయ్యగారు మళ్లీ

పాటలు అవుతుండగా గుమ్మంలో సూరయ్యగారు కనబడ్డాడు. పంచె మోకాళ్లదాకా బురద. పెళ్లి పసుపు ఇంకా చొక్కా మీద ఉంది. చేతిలో ఏమీ లేదు. కార్యక్రమం అయ్యేదాకా బయటే నిలబడ్డాడు. నేను గబగబా వెళ్లాను.

"మీరెందుకొచ్చారండీ? అక్కడ పందిరి ఎవరు చూసుకుంటున్నారు?"

"తెల్లారుజామున ముహూర్తం అయిపోయిందిరా. పందిరి ఎక్కడికీ పోదు."

"నా మీద నమ్మకం లేకపోయిందా?"

"లేదు," అన్నాడు, ఏ దాపరికమూ లేకుండా. "అది పడిపోద్దనే అనుకున్నాను. పడిపోతే ఆవిడ తిడతది కదరా. ఆ తిట్లు నావి. నువ్వు తినకూడదు. అందుకే ఎక్కడ దొరికిన బండి అక్కడ ఎక్కి వచ్చేశాను."

తర్వాత నా కింద చాలామంది పని చేశారు. పని చెడుతుందని అనుమానం తోచిన చోటికల్లా నేనూ వెళ్లాను. చాలాసార్లు అక్కడ పని బాగానే ఉండేది, టీ తాగి తిరిగి వచ్చేసేవాణ్ణి. కుర్రవాళ్లు నాకు చాదస్తం అనుకున్నారు. అనుకోనివ్వండి. పై మనిషి అన్నవాడు మెప్పు దగ్గర లేకపోయినా ఫరవాలేదు, తిట్టు దగ్గర ఉండాలి. అది నాకు నేర్పింది ఆయనే.

ఆయన తిన్నగా రూతమ్మగారి దగ్గరికి వెళ్లి చేతులు జోడించాడు. "ముందు మీకే మాటిచ్చానండీ. ఇచ్చి, వాళ్లకి కట్టాను. తప్పు నాది. ఈ కుర్రోడికేం సంబంధం లేదండీ."

"తెలుసండీ, నిన్ననే చెప్పాడు," అందావిడ. ఆయన బురదకాళ్లకేసి చూసింది. "అన్నం తిన్నారా?"

తినలేదు. ఆవిడ ఆయన్ని తీసుకెళ్లి పిల్లల వరసలోనే, ఆ కాగితం కింద చాప మీద కూచోబెట్టింది. విస్తరి వేసి, అన్నం, చేపల పులుసు తనే వడ్డించింది. తిట్లు తినడానికి ఇరవై మైళ్లు వచ్చిన మనిషి తల వంచుకుని అన్నం కలిపాడు గాని ముద్ద ఎత్తలేకపోయాడు. పక్కన కూచున్న పిల్లాడు ఆయన కళ్లు తుడుచుకోవడం చూసి, పులుసు కారంగా ఉందనుకుని మంచినీళ్ల గ్లాసు దగ్గరికి జరిపాడు.

"తినండి," అంది రూతమ్మగారు, ఇంకో గరిటె వడ్డిస్తూ.